ముఖము లేని అంగడి

మా వీధిలో నివసించు ఒక విశ్రాంతోపాధ్యాయుని కుమార్తెకు వివాహము నిశ్చయమై, ముహూర్తమునకు ఇంకను నాలుగు నెలల వ్యవధి యున్నదనగా, ఆ యువతి తన చేతి ఫోనులో ఒక ఆన్‌లైను అంగడిని తెఱచి, పేరుపడిన ఒక విదేశీయ సంస్థవారి ముఖలేపనము అచ్చుధరలో సగమునకే వచ్చుచున్నదని సంతోషించి తెప్పించుకొనెను. పెట్టె చూడ ముచ్చటగా నున్నది. పైని తళతళలాడు పొర, లోపల సీసా, సీసాపై సంస్థవారి ముద్ర, అడుగున బ్యాచి సంఖ్య, తయారైన నెల, గడువు తీరు నెల, అన్నియు యథావిధిగా నమరియున్నవి. పది దినములు తిరుగకమునుపే ఆమె ముఖము నిగనిగలాడసాగెను. మొటిమల మచ్చలు మాయమయ్యెను. చూచినవారెల్లరు పెండ్లికళ వచ్చినదని మురిసిరి. రెండు నెలలకు సీసా నిండుకొనెను. నిండుకొనిన నాల్గవనాడు ముఖమంతయు ఎఱ్ఱబడి, మంటలెత్తి, చెంపలపై సాలెగూటివలె సన్నని రక్తనాళములు తేలి, గుమ్మము దాటి ఎండలో అడుగుపెట్టుటయే దుర్భరమయ్యెను. తండ్రి వెంటబెట్టుకొని చర్మవైద్యురాలి యొద్దకు తీసికొనిపోగా, ఆమె ముఖము వంక ఒక్కమారు చూచి, మరేమియు అడుగకమునుపే, “ఏం రాస్తున్నావమ్మా? ఆ పెట్టె ఉందా?” అని అడిగినదట.

పెట్టె ఉన్నది. దానిని దీపము క్రిందికి తెచ్చి వైద్యురాలు వ్రేలితో చూపిన పిదపగాని, నలువది ఏండ్లు పిల్లల వ్రాతలలో తప్పులు దిద్దిన ఆ తండ్రికి అందలి తప్పు కనబడలేదు: సంస్థ యున్న నగరము పేరులో ఒక అక్షరము మారిపోయినది. దిగుమతిదారుని పేరుగాని, చిరునామాగాని, దిగుమతికి ప్రభుత్వమిచ్చు నమోదు సంఖ్యగాని పెట్టె నాలుగు వైపులను వెదకినను లేవు. సీసాలో మిగిలినది లేకపోవుటచే పరీక్షకు పంపుటకు వీలుపడలేదు. కావున అందులో నుండినది ఇదియే యని ప్రమాణపూర్వకముగా నేను చెప్పజాలను. కాని ఇట్టి ముఖములను నిత్యమును చూచుచున్న ఆ వైద్యురాలికి సందేహము కలుగలేదు. అంత త్వరగా వచ్చిన నిగారింపు, మానిన వెంటనే లేచిన మంట, ఈ రెండును కలిసి చెప్పునది ఆమె అనుభవములో ఒక్కటే పేరు: స్టెరాయిడు.

స్టెరాయిడు తనంతట తాను విషము కాదు. ఎగ్జిమా, సొరియాసిస్ వంటి వ్యాధులలో, వైద్యుడు చెప్పిన చోట, చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు మాత్రమే వాడినచో అది రోగికి ప్రాణము లేచివచ్చినట్లు చేయు మంచి మందు. అది చర్మమందలి రక్తనాళములను ముడుచుకొనజేయును, వాపును అణచును, చర్మమునకు రంగునిచ్చు కణముల పనిని మందగింపజేయును. అందుచేతనే తొలిదినములలో ముఖము తెల్లబడి, నునుపెక్కి, అద్దములో చూచుకొనిన వారికి ఆశ్చర్యము గొల్పును. అదే మందును వైద్యుని యెఱుక లేకుండ వారములు, నెలలు ముఖమునకు పూయగా, చర్మము ఉల్లిపొరవలె పలుచబడి, లోపలి నాళములు బయటపడి, మొటిమలు ముమ్మరించి, కొందఱికి చెంపలపై వెండ్రుకలు మొలచి, మానుదమన్నచో భరింపరాని మంట పుట్టి, ఆ మంటకు వెఱచి మరల అదే సీసా తెఱచుకొనవలసిన దాస్యము సంప్రాప్తమగును. మన దేశపు చర్మవైద్యులు ఈ దురవస్థను వేఱుగా గుర్తించి, స్టెరాయిడుచే చెడిన ముఖమని దానికి పేరే పెట్టవలసివచ్చినది. 2011లో వారు ప్రకటించిన ఒక అధ్యయనములో, దేశమందలి 12 చర్మవైద్య కేంద్రములకు ముఖమునకు సంబంధించిన బాధలతో వచ్చిన 2926 మందిని విచారింపగా, 433 మంది ఇట్టి లేపనములను ముఖమునకు వాడుచున్నట్లు తేలెను. అందు నూటికి 29 మంది దానిని మందుగా గాక, రంగు తెచ్చు క్రీముగానో, క్షవరానంతరము రాచుకొను క్రీముగానో, సర్వోపయోగకరమైన క్రీముగానో వాడినవారు. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 14 స్టెరాయిడు లేపనములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని శాసించినది. మంచి పనియే. కాని ఆ శాసనము మందుల దుకాణము వాకిట కాపలా నిలువగా, అదే మందు పేరు మార్చుకొని, సౌందర్యసాధనపు సీసాలో దాగి, కొరియరు సంచిలో మన యింటి తలుపు తట్టుచున్నది.

పాదరసము సంగతి ఇంతకంటెను ఘోరము. మన చర్మములో రంగు తయారగుటకు టైరోసినేజ్ అను ఒక ఎంజైము ఆవశ్యకము. ఆ ఎంజైము పనిచేయుటకు రాగి ఆవశ్యకము. పాదరసము ఆ రాగి స్థానము నాక్రమించి ఎంజైమును కట్టిపడవేయును. రంగు తగ్గుట నిజము. ఆ నిజమే దాని ఆకర్షణ. కాని చర్మముపై పూసిన పాదరసము చర్మముపైననే నిలువదు. రక్తములో కలిసి మూత్రపిండములను చేరును. ఆవిరియై గాలిలో కలిసి, క్రీము నెన్నడును ముట్టని ఇంటివారి ఊపిరిలోనికిని, పాలు త్రాగు పసికందుల ఊపిరిలోనికిని పోవును. కేరళ రాష్ట్రము మలప్పురము జిల్లాలోని కొట్టక్కల్ పట్టణమున ఒక ఆసుపత్రి మూత్రపిండ వైద్యులు, 2021 జూలై మొదలు 2023 సెప్టెంబరు వఱకు, ఒళ్ళు కొంత వాచి, మూత్రమున మాంసకృత్తులు పోవుచుండగా తమ యొద్దకు వచ్చిన రోగులలో మెంబ్రేనస్ నెఫ్రోపతీ అను వ్యాధి గలవారిని 22 మందిని గుర్తించిరి. ఆ 22 మందిలో 15 మందికి ఆ వ్యాధిలో సామాన్యముగా కానరాని యొక రకము, నెల్-1 అను ప్రోటీనుతో ముడిపడినది, ఉన్నట్లు కనుగొనిరి. ఒక చిన్న పట్టణమున ఇంతమందికి ఈ అరుదైన రకము ఎట్లు వచ్చినదని గ్రుచ్చిగ్రుచ్చి అడుగగా, ఆ 15 మందిలో 13 మంది తాము తెల్లబడుటకు క్రీములు వాడుచున్నామని ఒప్పుకొనిరి. క్రీము మానిన పిదప వారిలో పెక్కుమందికి వ్యాధి ఉపశమించినది. ఇక్కడ ఒక వివేచన చేయవలసియున్నది: ఆ క్రీములు పేరుగల సంస్థల సరకునకు నకళ్ళని చెప్పుట సరికాదు, పేరు పెట్టినవాడెవడో, తయారుచేసినవాడెవడో నిర్ధారింప వీలులేని సరకు అవి. నకిలీకిని, తండ్రి పేరు తెలియని ఇట్టి సరకునకును నడుమ శాస్త్రజ్ఞులు భేదము చూపుదురు గాక, మూత్రపిండమునకు ఆ భేదము తెలియదు.

పేరుగల సీసాలోనే విషము వచ్చిన ఉదాహరణయు లేకపోలేదు. 2019లో అమెరికాలోని శాక్రమెంటో నగరమున 47 ఏండ్ల స్త్రీ ఒకతె, మెక్సికోనుండి తెప్పించిన ముఖలేపనము వాడి, మాట తడబడి, చేతులు కాళ్ళు స్వాధీనము తప్పి, తుదకు స్పృహయే కోల్పోయెను. సీసాపై నున్నది లోకమెల్ల నెఱిగిన సంస్థ పేరు. లోపల, ఎవరో కలిపిన సేంద్రియ పాదరసము. పదిలక్షల పాళ్ళలో 12,000 పాళ్ళు పాదరసమే యని పరీక్షలో తేలెను. మన సౌందర్యసాధనముల నియమావళి, 2020 ప్రకారము, కంటి చుట్టు వాడునవి తప్ప మిగిలిన వాటిలో, ఉద్దేశింపకయే చేరిన పాదరసము సయితము పదిలక్షల పాళ్ళలో ఒక్క పాలు మించరాదు. ఆమె ఆ సీసాను తెలిసినవారి ద్వారా తెప్పించుకొనినదే కాని ఆన్‌లైను అంగడిలో కొనినది కాదు. కాని సీసా పైని పేరు లోపలి వస్తువునకు సాక్ష్యము కాదనుటకు ఇంతకంటె దారుణమైన నిదర్శనము నాకు తెలియదు.

ఇక నకిలీ సీసాలో స్టెరాయిడును, పాదరసమును లేకుండుటయే క్షేమమనుకొనుటయు పొరపాటు. ఏమియు లేకపోవుటయు ఒక అపాయమే. సూర్యకిరణముల నడ్డగించు ద్రవ్యములేవియు లేని సన్‌స్క్రీనును నమ్మి, తెల్లమచ్చల రోగియో, వైద్యుని చికిత్సలో చర్మము సున్నితమైన యువతియో, మధ్యాహ్నపుటెండలో నిర్భయముగా తిరిగినచో, ఆ క్రీము చేసిన ద్రోహము సాయంకాలమునకుగాని తెలియదు. విటమిన్ సి సీరమనగా నీరు, గ్లిజరిను, ఇంచుక పసుపురంగు కలిపినచో చాలును. అసలైన సీరము సయితము గాలి తగిలి రంగు మారునదే కావున, రంగును చూచి నిజము తేల్చుకొన వీలులేదు. చెడకుండ కాపాడు ద్రవ్యములు తగిన పాళ్ళలో చేర్పక, పరిశుభ్రత యెఱుగని గదిలో బకెట్టులో కలిపి గరాటుతో నింపిన లేపనమున సూక్ష్మజీవులు పెరుగును. అది కంటి దగ్గఱ రాచుకొనునదైనచో ఫలితము చెప్పనక్కఱలేదు.

ఇంతటి మోసము ఇంత సులభముగా ఎట్లు జరుగుచున్నదని పాఠకులు అడుగవచ్చును. నకిలీ తయారుచేయుటలో కష్టమైన భాగము లేపనము కాదు, పెట్టె. ఆ కష్టమును మనమే తగ్గించుచున్నాము. అయిపోయిన సీసాలను, వాటి పెట్టెలతో సహా, పాత సామానులవానికి వేయుదుము. ఖరీదైన విదేశీయ సీసా ఖాళీదైనను కొనువారు కలరు. అసలు సీసాలో నకిలీ సరకు నింపి, కొత్త పొర చుట్టినచో, గుర్తుపట్టుట సంస్థవారికే దుర్ఘటము. బ్యాచి సంఖ్యను చూచి తయారైన తేదీ చెప్పు వెబ్‌సైటులు కొన్ని కలవు. ఒక నిజమైన పెట్టె మీది సంఖ్యను వేయి నకిలీ పెట్టెలపై అచ్చువేసినచో, ఆ వేయి పెట్టెలును అట్టి పరీక్షలో నెగ్గును. బార్‌కోడు కథయు ఇంతే. అది 890తో ఆరంభమైనంత మాత్రమున సరకు మన దేశమున తయారైనదని చాలమంది నమ్ముదురు. ఆ సంఖ్యను కేటాయించిన సంస్థ భారతదేశపుదని తప్ప దానికి వేఱు అర్థము లేదు.

గిడ్డంగిలో జరుగు సంగతి వినియోగదారులలో నూటికి ఒక్కరికైనను తెలియదనుకొందును. కొన్ని పెద్ద ఆన్‌లైను సంస్థల గిడ్డంగులలో చిరకాలము సాగిన పద్ధతి యేమనగా, ఒకే బార్‌కోడు గల సరకును ఎవరు పంపినను ఒకటే యని భావించి, పలువురు అమ్మకందారుల నిలువలను భేదము లేక లెక్కించుకొని, కొనుగోలుదారునికి దగ్గఱగా నున్న పెట్టెను తీసి పంపుట. త్వరగా చేర్చుటకు అది సౌకర్యమే. కాని దాని ఫలితముగా, నిజాయితీపరుడైన వర్తకుని పేరు చూచి మనము డబ్బు చెల్లింపగా, మోసగాడు పంపిన పెట్టె మన యింటికి రావచ్చును; నిందయు చెడ్డ రేటింగును మాత్రము నిజాయితీపరుని నెత్తిన పడును. ఊరి చెఱువులో ఒకడు విషము కలిపినచో ఏ కడవలోని నీరు ఎవరి తప్పని చెప్పగలము?

మన బంధువులు అమెరికానుండి వచ్చునపుడు తెచ్చిన సీసా అసలైనదే యుండునన్న విశ్వాసము మన యిండ్లలో బలముగా నున్నది. కాని ఆ దేశపు ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేయు సంస్థ, గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు, 2018 జనవరిలో ఒక నివేదిక వెలువరించినది. వారి అధికారులు సామాన్య కొనుగోలుదారులవలె, ప్రసిద్ధమైన ఆన్‌లైను అంగళ్ళలో, మూడవ పక్షపు అమ్మకందారుల నుండి 47 వస్తువులు కొనిరి. కొత్తవని ప్రకటించిన సరకే, కొనుగోలుదారుల మెప్పు నూటికి 90కి పైబడి పొందిన అమ్మకందారుల యొద్దనే కొనిరి. ఆ 47లో 20 నకిలీవి. వాటిలో అర్బన్ డికే అను సంస్థ పేరిట కొనిన సౌందర్యసాధనములు 13, పదుమూడును నకిలీవే. ఒక్కటియైనను అసలైనది రాలేదు! నక్షత్రముల లెక్కను చూచి సరకు మంచిదని తలచు మన అలవాటు ఎంత బలహీనమైన పునాదిపై నున్నదో దీనివలన తెలియగలదు.

ఇది యంతయు కొనువారి అజాగ్రత్తవలన కలిగిన ఆపద యని చెప్పుట నేటి ఆచారము. నాకు సమ్మతము కాదు. పూర్వము మన పట్టణములలో ఫ్యాన్సీ దుకాణమునకు పోయి పౌడరు డబ్బా కొనిన గృహిణికి, దానిలో దోషము కనబడినచో తిరిగి పోవుటకు ఒక వాకిలి యుండెను, నిలదీయుటకు ఒక మనిషి యుండెను. నలుగురిలో మాట పడవలసివచ్చునన్న భయము ఆ వర్తకునికి శాసనముకంటె ఎక్కువ కట్టుబాటుగా నుండెను. ఆ దుకాణములలో నకిలీ సరకు లేదని నేననను. ఉండెను, నేటికిని ఉన్నది. కాని మోసము జరిగినచో ముఖము చూపవలసినవాడెవడో తెలిసియుండెను. ఇప్పటి అంగడికి ముఖము లేదు. సరకును తన గిడ్డంగిలో నుంచుకొనునది ఆ సంస్థ, తన పేరు అచ్చువేసిన పెట్టెలో కట్టునది ఆ సంస్థ, తన మనిషిచేత మన గుమ్మమునకు పంపునది ఆ సంస్థ, మన డబ్బు పుచ్చుకొని అందులో తన వాటా మినహాయించుకొనునది ఆ సంస్థ. ఏ సరకు మన కంటికి ముందు కనబడవలెనో నిర్ణయించునదియు ఆ సంస్థయే. ఇన్నియు చేసిన పిదప, ముఖము కాలిన యువతి ప్రశ్నించినపుడు మాత్రము, తాను అమ్మినవాడను కాననియు, అమ్మినవానికిని కొనినవానికిని నడుమ నున్న మధ్యవర్తిని మాత్రమే ననియు చెప్పును.

ఈ మాటకు ఆధారము 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 79వ సెక్షను. ఇతరులు పెట్టిన సమాచారమునకు మధ్యవర్తిని బాధ్యుని చేయరాదన్నది దాని తాత్పర్యము. ఉత్తరములో నేమున్నదో తెలియని తపాలావానిని శిక్షింపరాదన్న న్యాయమువంటిది అది. ఆ మేరకు సమంజసమే. కాని ఉత్తరమును తన యింట దాచి, కవరులో పెట్టి, వెల కట్టి, వీధిలో కేక వేసి అమ్మినవానికిని ఆ న్యాయము వర్తించునా? ఈ ప్రశ్నను ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ప్రతిభా సింగ్ 2018 నవంబరులో రెండు వ్యాజ్యములలో ఎదుర్కొనిరి. పాదరక్షల సంస్థయైన క్రిస్టియన్ లూబుటాన్ వేసిన వ్యాజ్యమున, సరకును నిలువచేయుట, కట్టుట, ప్రచారము చేయుట మొదలగు పనులలో చురుకుగా పాల్గొను సంస్థ కేవల మధ్యవర్తి కాజాలదని తీర్పు చెప్పిరి. అదే మాసమున సౌందర్యసాధనముల సంస్థయైన లోరియల్, షాప్‌క్లూస్ అను ఆన్‌లైను అంగడిపై వేసిన వ్యాజ్యమునను అదే విచారణను కొనసాగించిరి. ఆ తీర్పులు చదివినపుడు దారి దొరకినదనుకొంటిని. కాని 2020 జనవరిలో, ఆమ్వే అను సంస్థకును, అమెజాన్ అను ఆన్‌లైను అంగడికిని నడుమ వివాదమున, అదే కోర్టు ద్విసభ్య ధర్మాసనము, చురుకైన మధ్యవర్తి, నిష్క్రియ మధ్యవర్తి అను భేదము 79వ సెక్షనులో లేదని పేర్కొని, అంతకు పూర్వము ఏకసభ్య ధర్మాసనమిచ్చిన ఉత్తర్వును త్రోసిపుచ్చెను. చట్టములో లేని మాటను న్యాయస్థానము చేర్చజాలదన్నచో, చేర్చవలసినది పార్లమెంటు. అంతే కదా!

అదే 2020 సంవత్సరము జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమములను నేను శ్రద్ధతో చదివితిని. అమ్మకందారుని పేరు, చిరునామా కనబడవలెననియు, వస్తువు పుట్టిన దేశము తెలుపవలెననియు, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి నెలలోపల పరిష్కరింపవలెననియు, నకిలీ సరకును తిరిగి తీసికొనుటకు అమ్మకందారుడు నిరాకరింపరాదనియు అందు చెప్పిరి. అన్నియు మెచ్చదగినవి. కాని ఒకచోట నా కన్ను నిలిచిపోయినది. ట్రేడ్‌మార్కు మొదలగు చట్టముల క్రింద తొలగింపబడిన సరకును పలుమార్లు అమ్మజూపిన వర్తకుల వివరములను ఆ సంస్థలు భద్రపఱచుటకు తగిన ప్రయత్నము చేయవలెనట. అయితే ఈ నియమమును బట్టి మాత్రమే వారిని తొలగించి తీరవలెనని లేదట, ఇష్టమైనచో తొలగింపవచ్చునట. దొంగల పట్టిక వ్రాసియుంచుకొనుము, వారికి తలుపు మూయుట నీ యిష్టము, అని చెప్పిన ఈ నియమము ఎవరి రక్షణకు వ్రాయబడినదో నాకు బోధపడలేదు.

శిక్షలు లేవని కాదు. 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనముల చట్టము 17డి సెక్షనులో నకిలీ సౌందర్యసాధనమననేమో స్పష్టముగా నిర్వచించినది: వేఱొక దాని పేరున తయారైనది, మోసపుచ్చునట్లు వేఱొక దానిని పోలియున్నది, లేని తయారీదారుని పేరు ధరించినది. 27ఎ సెక్షను ప్రకారము అట్టి దానిని తయారుచేసినను, అమ్మినను మూడేండ్ల వఱకు కారాగారము, 50,000 రూపాయలకుగాని, పట్టుబడిన సరకు వెలకు మూడింతలకుగాని, ఏది యెక్కువయైన దానికి తగ్గని జరిమానా. కాని ఈ శిక్ష పడవలెనన్నచో అమ్మినవాడు దొరకవలెను. అమ్మినవాడు ఒక పేరు, ఒక ఫోను సంఖ్య, ఒక అద్దె గది. నేడు మూసి రేపు వేఱొక పేరున తెఱచును.

కౌటిల్యుని అర్థశాస్త్రమున కంటకశోధనమను అధికరణములో వర్తకులనుండి ప్రజలను రక్షించుటకు ఒక ప్రకరణమే కలదు. ధాన్యము, నూనె, క్షారము, ఉప్పు, సుగంధద్రవ్యములు, ఔషధములు, వీటిలో అదే రంగు గల హీనద్రవ్యమును కలిపినవానికి పండ్రెండు పణముల దండన అందు విధింపబడినది. ఒంటికి పూయు గంధమును, లోనికి పుచ్చుకొను ఔషధమును ఒకే సూత్రములో, ఒకే దండనతో ప్రక్కప్రక్కన నిలిపిన ఆ దృష్టి నన్ను ఆకర్షించినది. పైపూతయే కదా యని తేలికపఱచు మన ధోరణి ఆ ప్రాచీనునికి లేదు. అదే రంగు గల ద్రవ్యమన్న మాటయు గమనింపదగినది. మోసమంతయు పోలికలోనే యున్నదని ఆయన ఎఱుగును.

ఈ విషయమున బాధితుల నోరు మూయించునది చట్టముకంటె ముఖ్యముగా సిగ్గు. ఫోను చెడినదన్నవాడు నలుగురిలో చెప్పుకొనును. క్రీము రాసి ముఖము చెడినదన్న యువతిని చూచి, సోకులకు పోయినందుకు తగిన శాస్తి జరిగినదని లోకమనును. అననిండని ఊరకుండుట నాకు సాధ్యము కాదు. ఆమెను ఆ సీసా యొద్దకు నడిపించినదెవరు? చామనచాయ పిల్ల యని పెండ్లిచూపులలో పెదవి విఱిచినవారు, పుట్టిన శిశువు లింగము తరువాత రంగును అడిగినవారు, పెండ్లి ప్రకటనలో మొదటి విశేషణముగా రంగును వ్రాయించినవారు, మనమే. నలుగు పెట్టి, సున్నిపిండితో ఒళ్ళు రుద్ది, పసుపు పూసి, శరీరమును ఆరోగ్యముగా, శుభ్రముగా ఉంచుకొనుటను శుభముగా భావించిన మన యిండ్లలో, ఒంటి రంగును దోషముగా ఎంచు ఈ క్రూరత్వము కూడ పాతదే. దానిని దాచిపెట్టి, నేటి యువతుల మౌఢ్యమును నిందించుట న్యాయము కాదు. చక్కగా కనబడవలెనని కోరుట ఏ యుగమునను నేరము కాదు. ఆ కోరికపై వ్యాపారము చేసి మూత్రపిండములను చెడగొట్టుట నేరము.

ప్రభుత్వము చేయవలసినది అసాధ్యమైనదేమియు కాదు. ముఖమునకు, కంటికి, పసిపిల్లల చర్మమునకు వాడు సరకు విషయమున, గిడ్డంగిలో నిలువచేసి చేరవేయు సంస్థను అమ్మకందారునితో సమానముగా బాధ్యుని చేయవలెను. దిగుమతి సరకునకు నమోదు సంఖ్యయు, దేశీయ సరకునకు తయారీ లైసెన్సు సంఖ్యయు పెట్టెపై ఉండవలెనని శాసనము ఎట్లును చెప్పుచున్నది కావున, ఆ సంఖ్యను ప్రభుత్వ పట్టికతో సరిచూడనిదే వెబ్‌సైటులో సరకును అమ్మజూపరాదని నిర్బంధింపవలెను; యంత్రములున్న ఈ కాలమున అట్లు సరిచూచుటకు నిమిషము పట్టదు. వివిధ అమ్మకందారుల నిలువలను కలిపివేయుట నిషేధింపవలెను. మన రాష్ట్రముల ఔషధ నియంత్రణ అధికారులు మందుల దుకాణములను తనిఖీ చేసినట్లే, కొనుగోలుదారులవలె సరకు తెప్పించి ప్రయోగశాలకు పంపి, ఫలితములను పేర్లతో సహా పత్రికలలో ప్రకటింపవలెను. కేరళ ఔషధ నియంత్రణ శాఖ ఆపరేషన్ సౌందర్య పేరిట చేసిన తనిఖీలు ఇట్టి పనికి మార్గము చూపినవి.

అంతవఱకు కొనువారు తమను తాము కాచుకొనక తప్పదు. సంస్థ స్వంత వెబ్‌సైటులోగాని, ఆ సంస్థ తన ప్రతినిధియని ప్రకటించిన అమ్మకందారుని యొద్దగాని కొనుట మేలు. ధర తక్కువైనచో సందేహింపవలెనే కాని, ధర సరిగా నున్నంత మాత్రమున నమ్మరాదు. పెట్టెపై దిగుమతిదారుని చిరునామా వెదకవలెను. విప్పునపుడు ఫోనులో చిత్రించి, మొదట మోచేతి లోపలి ప్రక్క ఇంచుక పూసి ఒకటి రెండు దినములు చూచి, పిదప ముఖమునకు వాడవలెను. పది దినములలో అద్భుతము జరిగినచో సంతోషింపక, భయపడి, వైద్యునికి చూపవలెను. ఖాళీ సీసాను పాత సామానులలో వేయుటకు ముందు పై కాగితము చింపి, పెట్టెను ముక్కలు చేయవలెను. మోసపోయినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై ఫిర్యాదు చేయవచ్చును. సీసా, పెట్టె, రసీదు మూడును దాచవలెను, మిగిలిన లేపనమును పాఱవేయరాదు, ఏలయన పరీక్షకు అదియే సాక్షి.

మా వీధి యువతి వివాహము ముహూర్తమునకు జరిగినది. వరుని తల్లి విషయము విని, “పెళ్ళికూతురు ముఖం ఎర్రగా ఉంటే ఏం, మనిషి బాగుంది కదండీ” అన్నదని తండ్రి కన్నుల నీరు పెట్టుకొని చెప్పెను. ఆమె నేటికిని గొడుగు లేక వెలుపలికి పోజాలదు. వైద్యురాలు ఇంకను కొన్ని మాసములు పట్టుననుచున్నది. తండ్రి మాత్రము ఊరకుండలేదు. ఆన్‌లైను సంస్థకు వ్రాయగా, వాపసు గడువు దాటినదనియు, అమ్మకందారునితో సంప్రదింపవలసినదనియు జవాబు వచ్చినది. రసీదుపై అమ్మకందారుని పేరు, వీధి పేరు, పిన్‌కోడు చక్కగా అచ్చయియున్నవి. ఆయన తన గుండ్రని చేతివ్రాతతో మూడు పుటల ఉత్తరము వ్రాసి, పెట్టె ఫొటోను జతపఱచి, రిజిస్టరు పోస్టులో ఆ చిరునామాకు పంపెను. పదునెనిమిది దినములకు అది తిరిగివచ్చినది. కవరుపై తపాలావారు ఎఱ్ఱసిరాతో వ్రాసిరి: ఈ చిరునామాలో ఈ పేరుగలవారు లేరు.